సాంబమూర్తిగారి కాకి

పడవ ఇచ్చిన పెద్దమనిషికి శ్రీనాథ్ చెప్పింది ఒకటి, పడవలో జరగబోయేది ఇంకొకటి. సింగపూరు ఉత్తరపు ఒడ్డు వెంబడి పక్షుల్నీ నీటికుక్కల్నీ చూసి వస్తాం, ఫ్యామిలీ ట్రిప్ అన్నాడు. మా నాన్నగారి పిండం కాకికి పెట్టాలి, పడవ ఇవ్వండి అంటే ఆఫీసులో ఎంత స్నేహితుడైనా ఇస్తాడా మరి!

పొద్దున్నే సెంబవాంగ్‌లో, చిన్నకొడుకు అనిల్‌కుమార్ ఫ్లాట్‌లో, సాంబమూర్తిగారి సంవత్సరీకం పెట్టారు. పురోహితుణ్ణి ట్రైనెక్కించి అయిదుగురూ పడవెక్కారు. పోయినాయన భార్య సత్యవాణిగారు, పెద్దకొడుకు శ్రీనాథ్, పెద్దకోడలు నిఖిల, చిన్నకొడుకూ చిన్నకోడలూ. కూల్‌డ్రింకులుండాల్సిన ఐస్‌బాక్సులో అరిటాకులో చుట్టిన పిండం ఉంది. వేడి డబ్బాల్లో గారెలూ పరమాన్నమూ ఉన్నాయి. కాకి ముట్టేదాకా వాటి మూత తియ్యడానికి లేదు.

ఇంతదూరం ఎందుకంటే, ఫ్లాట్‌కి కాకి రాదు. ఏడాది పొడుగునా మాసికాలకి కిటికీ గట్టు మీద పెడితే గోరింకలొచ్చి శుభ్రంగా తిని పోయాయి. గోరింక ముడితే చెల్లదన్నాడు పురోహితుడు. ఒకసారి మెతుకులు జారి కింది అంతస్తు చైనా ఆవిడ ఆరేసిన దుప్పటి మీద పడ్డాయి. ఆవిడ పైకొచ్చి చెప్పినదంతా ఎవరికీ అర్థం కాలేదు, దాని భావం మాత్రం అందరికీ అర్థమైంది.

చిన్నకోడలు కాత్యాయని బైనాక్యులర్స్ మెళ్ళో వేసుకుని పడవ ముందు భాగంలో కూర్చుంది. ఆవిడకి కాకి రావడం అందరికన్నా ఎక్కువ అవసరం. విశాఖపట్నంలో జువాలజీ ఎమ్మెస్సీ చేసి, పెళ్ళై సింగపూరొచ్చి, ఆ చదువుతో ఇంతవరకూ చేపలు శుభ్రం చెయ్యడం తప్ప వేరే పని చెయ్యలేదు. ఇన్నాళ్ళకి బడిపిల్లలకి మడ అడవులు చూపించే సంస్థ ఒకటి ఉద్యోగం ఇస్తానంది. పర్మిట్ కూడా వాళ్ళే తెప్పించారు. సోమవారం చేరాలి.

"నాన్న సంవత్సరీకం కానీ, చూద్దాం," అన్నాడు అనిల్ మొదట్లో. ఆ తర్వాత ఎప్పుడడిగినా అదే మాట. ఆ సంవత్సరీకం ఇవాళ.

సాంబమూర్తిగారూ సత్యవాణిగారూ కాకినాడ నుంచి కలిసే వచ్చారు గానీ సింగపూర్లో కలిసి ఉండలేదు. ఇద్దరు కొడుకుల ఫ్లాట్లలోనూ తలా ఒక గదే ఖాళీ ఉండేది, అది కూడా ఒక మంచం పట్టేంత. అమ్మ టోవా పాయోలో పెద్దవాడి దగ్గర, నాన్న సెంబవాంగ్‌లో చిన్నవాడి దగ్గర అని పంచుకున్నారు. పక్షవాతం వచ్చాక ఆయన మాట ముద్దముద్దగా అయిపోయి కాత్యాయనికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. రోజూ సాయంత్రం చక్రాల కుర్చీలో సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి ఆయనకి పక్షుల పేర్లు చెప్పేది. "నేను పోయాక నువ్వు ఉద్యోగంలో చేరు," అన్నాడాయన ఒకనాడు. "ఇంకెవర్నీ నెత్తినెట్టుకోకు." ఆ మాట విన్నది కాత్యాయనీ, ఎదురుగా రాయి మీద నిలబడ్డ ఒక నారాయణపక్షీ.

పడవ సెలెటార్ దాటి ఉబిన్ దీవి వైపు తిరిగింది. కుడివైపు మడ చెట్లు, ఎడమవైపు మలేషియా.

"అవిగో, నీటికుక్కలు! పిల్లలతో సహా!" అంది కాత్యాయని.

శ్రీనాథ్ తల తిప్పి చూసి, "కాకులేం లేవా అక్కడ?" అన్నాడు.

కాసేపటికి ముక్కు మీద కొమ్మున్న పెద్ద పక్షి చెట్టు మీంచి చెట్టు మీదికి వాలింది. నిఖిల ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "నల్లగా ఉందా?" అని అడిగింది. ఒడ్డున అడవిపందులు రెండు బురద తవ్వుతూ కనబడ్డాయి. సత్యవాణిగారు వాటికి దణ్ణం పెట్టి, "వరాహమూర్తీ, ఆ కాకిని కాస్త పంపించు నాయనా," అన్నారు.

ఉబిన్ వెనకవైపు పాడుబడ్డ చెక్క జెట్టీ ఒకటి ఉంది. మలాయ్ పెద్దాయన, పడవ నడిపేవాడు, దాని పక్కకి మెల్లిగా చేర్చాడు. అనిల్ అరిటాకు విప్పి చెక్కల మీద పెట్టడం చూసి, "ఫీడింగ్ నాట్ అలౌడ్ లా," అన్నాడు సింగపూరు ఇంగ్లీషులో.

"నో ఫీడింగ్ అంకుల్. దిస్ ఈజ్ మై ఫాదర్," అన్నాడు శ్రీనాథ్.

పెద్దాయన పిండం వంకా శ్రీనాథ్ వంకా చూసి, పడవ వెనక్కి తీసి ఇంజను ఆపేశాడు.

కాకులు ఉండనైతే ఉన్నాయి. జెట్టీ వెనక చెట్లలో నాలుగైదు అరుస్తూనే ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ మాడ్చేస్తోంది. ఆకలి కడుపులో కేకలేస్తోంది.

"ఆయనకేదో కోరిక మిగిలిపోయింది," అన్నారు సత్యవాణిగారు. "తీరుస్తామని చెప్పండిరా. చెబితే గానీ రారు."

శ్రీనాథ్ లేచి చేతులు జోడించాడు. "నాన్నా, వచ్చే ఏడాది అందరం కాశీ వెళ్తాం."

రాలేదు.

"కాకినాడలో మీ పేరు మీద అన్నదానం చేయిస్తాం మావయ్యగారూ," అంది నిఖిల.

రాలేదు.

"కాజాలు కూడా పెట్టానయ్యా!" అన్నారు సత్యవాణిగారు ఏడుపుగొంతుతో. "తాపేశ్వరం నుంచి తెప్పించి పెట్టాను. ఇంకేం కావాలి నీకు? బతికున్నప్పుడూ ఇంతే, ఏదీ నోరు తెరిచి చెప్పి చావడు!"

కాత్యాయని బైనాక్యులర్స్ ఎత్తింది. సంగతి కనబడింది. జెట్టీకి కాస్త పైన ఎండిన కొమ్మ మీద సముద్రపు గద్ద కూర్చుని ఉంది. తెల్లటి పొట్ట, బూడిద రెక్కలు, కాలి కింద చేప. అది అక్కడున్నంతసేపూ కాకి దిగదు. కాశీ కాదు కదా, కైలాసం తీసుకెళ్తామన్నా దిగదు.

చెప్పేద్దామనుకుని ఆగింది. గద్ద చేపని దాదాపు తినేసింది. తోకా ముళ్ళూ మిగిలాయి. ముక్కు కొమ్మకేసి ఇటూ అటూ తుడుచుకుంటోంది.

ఆవిడ మెల్లిగా వెనక్కి జరిగి మొగుడి పక్కన నిలబడింది.

"ఏమండీ, మీరు చెప్పండి. నేను సైగ చేస్తాను, అప్పుడు చెప్పండి."

"ఏం చెప్పను?"

"కాత్యాయని ఉద్యోగంలో చేరుతుంది నాన్నా అని. ఆయన నాతో అన్న మాటే అది. మీరంటే కాకి వస్తుంది."

"వస్తుందా?"

"నేను చెబుతున్నానుగా."

అనిల్ ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ మొహంలో నవ్వు ఉందో లేదో తేల్చుకోలేక తలూపాడు.

గద్ద తోక ఎత్తింది. కడుపు బరువు దించుకోవడానికి ఎత్తే తోక అది. దించుకుందంటే మరుక్షణం ఎగిరిపోతుంది. ఎమ్మెస్సీలో ఆవిడ రాసిన పరీక్షలన్నిట్లోకీ ఆ నిమిషానికి పనికొచ్చిన ముక్క ఇదొక్కటే. తెల్లటి ధార నీళ్ళలో పడింది. కాత్యాయని మొగుడి మోచెయ్యి నొక్కింది.

అనిల్ ముందుకొచ్చాడు. చేతులు జోడించాడు. అన్న చూస్తున్నాడు, వదిన చూస్తోంది, తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని చూస్తోంది.

"నాన్నా," అన్నాడు. తల్లి వైపు చూశాడు. "నాన్నా... ఇకనించీ అమ్మని మా ఇంట్లోనే పెట్టుకుంటాం. మీ గదిలోనే ఉంటుంది. మిమ్మల్ని చూసినట్టే చూసుకుంటాం!"

గద్ద రెక్కలు విప్పి మలేషియా వైపు వెళ్ళిపోయింది. చెట్లలోంచి కాకి ఒకటి తిన్నగా జెట్టీ మీద వాలి, అటూ ఇటూ చూసి, పిండాన్ని పొడిచింది. వెనకే రెండోది దిగింది.

"వచ్చారు!" అని సత్యవాణిగారు కూలబడిపోయారు. శ్రీనాథ్ తమ్ముణ్ణి కావలించుకుని భోరుమన్నాడు. "ఇదేరా నాన్నకి కావల్సింది. మనకి తట్టలేదురా!" నిఖిల కూడా కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే, "అత్తయ్యగారి మందులూ బట్టలూ రేపే పంపించేస్తాను," అంది.

మూతలు తీశారు. కాత్యాయని మొగుడికి గారెలు వడ్డిస్తూ, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"నేను చెప్పమన్నదేంటి, మీరు చెప్పిందేంటి?"

"ఏమో, అందరూ చూస్తుంటే నోటికి అదే వచ్చింది." గారె తుంచాడు. "అయినా చూశావుగా, మాట నోట్లో ఉండగానే ఎలా వచ్చిందో! నాన్నే అడిగితే నేను కాదంటానా?"

"నేను చెయ్యి నొక్కాక వచ్చింది."

"నువ్వు నొక్కితే కాకి రావడమేంటి కాత్యా," అన్నాడతను జాలిగా. నటించడం లేదు. నిజంగానే నమ్మేశాడు.

అక్కడ గద్ద ఉందని చెప్పడానికి కాత్యాయనికి నోరు లేక కాదు. కానీ అత్తగారు ఏడాది తర్వాత మొదటిసారి మొగుణ్ణి చూసినదానిలా జెట్టీ వైపే చూస్తున్నారు. పైగా, ఆ సంగతి ముందే తెలిసి ఎందుకు నోరు మూసుకున్నావని అడిగితే చెప్పుకోడానికి ఏముంది?

సత్యవాణిగారు దగ్గరికొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. "ఆయనకి తెలుసమ్మా. నిఖిలకి పాపం బ్యాంకూ అదీ. నువ్వయితే ఇంటిపట్టున ఉంటావు, పువ్వుల్లో పెట్టి చూస్తావు. ఊరికే వచ్చిందా కాకి!"

"ఊరికే రాలేదు అత్తయ్యగారూ," అంది కాత్యాయని.

తిరుగు ప్రయాణంలో, కడుపులు నిండాక, అందరికీ ప్రకృతి మీద ప్రేమ పుట్టింది. శ్రీనాథ్ బైనాక్యులర్స్ అడిగి తీసుకున్నాడు.

"అమ్మా కాత్యాయనీ, ఆ రాయి మీద పొడుగు కాళ్ళతో ఉన్నది ఏం పక్షి?"

"కాకి బావగారూ."

"తెల్లగా ఉందేంటి?"

"ముసలి కాకి."

పడవంతా నవ్వింది. మా చిన్నకోడలికి జోకులు భలే వస్తాయన్నారు సత్యవాణిగారు.

కాత్యాయని ఫోన్ తీసి ఉద్యోగం ఇచ్చినావిడకి మెసేజ్ టైపు చేసింది. సోమవారం రాలేను, ఇంట్లో కుదరడం లేదు, క్షమించండి. పంపించే గుర్తు నొక్కింది. ఫోన్ మలేషియాకి స్వాగతం అంది గానీ మెసేజ్ వెళ్ళలేదు. గడియారం బొమ్మ పడి అలాగే ఆగిపోయింది.

"సిగ్నల్ లేదా?" అన్నాడు అనిల్, ఏదైనా సాయం చేద్దామన్నట్టు. "సెంబవాంగ్ దగ్గర వస్తుందిలే."

ఆవిడ తల దించి ఫోన్ చూసుకుంది. మెసేజ్ ఇంకా ఫోన్‌లోనే ఉంది. వేలు పెట్టి నొక్కితే చెరిగిపోతుంది. సోమవారం రెండ్రోజుల దూరంలో అలాగే ఉంటుంది. ఎవరికీ తెలియదు. పొద్దున్నే తాళం వేసి వెళ్ళిపోతే అప్పుడు తెలుస్తుంది. అందరూ అరుస్తారు. అరవనీ. బొటనవేలు గడియారం బొమ్మ పైకి తెచ్చింది.

"కాత్యాయనీ, అత్తయ్యగారికి ఇంకాస్త పరమాన్నం కావాలట!" అని కేకేసింది నిఖిల. డబ్బా ఆవిడ పక్కనే ఉంది.

కాత్యాయని ఫోన్ సీటు మీద పెట్టి లేచింది. పరమాన్నం వేసింది. బావగారు కూడా చెయ్యి చాపితే వేసింది. పడవ ఊగుతుంటే అత్తగారి చేతిలో కప్పు ఒలక్కుండా పట్టుకుని, ఆవిడ తినేదాకా నిలబడింది.

తిరిగొచ్చి చూసేసరికి సెంబవాంగ్ షిప్‌యార్డ్ క్రేన్లు కనబడుతున్నాయి. మెసేజ్ వెళ్ళిపోయింది.