టీలో కరగని ముక్క

భోంచేసి టీ కలుపుకుంటూ, కూరలో ఉప్పెక్కువైందన్నాడు మా ఆయన. ఎక్కువ కాక ఏమవుతుంది, అత్తయ్య నేను అంబర్‌ని పరీక్షించే ఉప్పునీళ్ళు పోసి వండింది. అంబర్ అంటే చెట్టు కార్చిన జిగురు, కోట్ల ఏళ్ళు మట్టిలో మగ్గి రాయిలా అయిన ముక్క. చిక్కటి ఉప్పునీళ్ళలో అసలుది తేలుతుంది, గాజు నకిలీ మునుగుతుంది. ఇదంతా నేను పనిచేసే మ్యూజియంలోనే చెయ్యొచ్చు. కానీ అక్కడ నా పగలు డైరెక్టరుగారి ఉపన్యాసాలు టైపు కొట్టడానికీ, ఆయన అతిథులకి టీలు అందించడానికీ చాలడం లేదు. అందుకని నాలుగు కోట్ల ఏళ్ళ నాటి అడవిని మా వంటగట్టు మీద, అంట్లకీ పాలగిన్నెకీ మధ్య చదువుకుంటాను.

"ఆ నీళ్ళలో తేలే ముక్కేది అత్తయ్యా?"

"పటికబెల్లమా? అబ్బాయి టీలో వేశాను. పంచదార అయిపోయిందిగా. నువ్వేమో చూసుకోవాయె."

అబ్బాయి, అంటే నలభై ఆరేళ్ళ మా ఆయన, పావుగంటగా చెంచా తిప్పుతూనే ఉన్నాడు. నేను ఆపకపోతే ఇంకో నాలుగు కోట్ల ఏళ్ళు తిప్పేవాడే.

"ఎంతకీ కరగదేంటే? ఇలాంటి నాసిరకం ఎక్కడ దొరుకుతుంది నీకు?"

కప్పులో చెయ్యి పెట్టి తీశాను. భూతద్దం కింద చూస్తే అంచున వెంట్రుకంత పగులు. లోపల ఆవగింజంత పువ్వు, అయిదు రేకులూ భద్రం. దీన్నే డైరెక్టరుగారు 'చీమ కాలు' అని చెత్తబుట్టలో వేస్తే, ఏరి తెచ్చి మూడు వారాలు అరగదీసి పువ్వని తేల్చాను. తేల్చగానే ఆయన, "నేనూ అదే అనుకున్నా. నీ చేతిరాత ముత్యాలేనమ్మా, రేపటి ప్రదర్శనకి చీటీ నువ్వే రాసెయ్. 'గుర్తించినవారు' అన్నచోట నా పేరు పెట్టు, అలవాటేగా," అన్నారు. పదకొండేళ్ళ అలవాటు. నా చీటీల ప్రకారం ఆయన గుర్తించని ఆకు ఈ భూమ్మీద మొలవనే లేదు.

"జిగురుముక్కకి ఇంత రాద్ధాంతమా? నువ్వు కనిపెట్టేదేముంది గానీ, ముందు నా కళ్ళజోడు కనిపెట్టు," అన్నాడు మా ఆయన.

"నెత్తి మీదుంది."

చెయ్యి తుడుచుకుని చీటీ తీశాను. ముత్యాల్లాంటి అక్షరాలతోనే రాశాను:

మొదటిసారి దొరికిన చోటు: డైరెక్టరుగారి చెత్తబుట్ట. రెండోసారి: మా ఆయన టీకప్పు. రెండుసార్లూ గుర్తించినది: నేను.

కింద నా పేరు పూర్తిగా, ఇంటిపేరు పుట్టింటిదే రాసి, సంతకం పెట్టాను.