తొర్రలో మూడు పిల్లలు

ముప్పై ఏళ్ళుగా గవర్నర్‌పేటలో జాకెట్లు కుడుతున్నాను. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, టేపు తియ్యకుండానే కొలత చెప్పేస్తాను. అందుకే మా భవానీపురం పార్కులో నిద్రగన్నేరు తొర్రలోంచి మూడు గుడ్లగూబ పిల్లలు తొంగిచూసిన రోజున, రెక్కలు చూసి ఇంకా పది రోజులకు గానీ ఎగరలేవని తేల్చేశాను. షుగరుకని నడకకు వచ్చినదాన్ని, నడక మానేసి వాటిని చూస్తూ కూర్చునేదాన్ని. ఉడతలూ ముంగిసా కూడా కనిపించేవి గానీ, గుప్పెడంత ఆ పిల్లల మీదే నా ప్రాణమంతా.

ఇంతలో మాతో రోజూ నడిచే రత్తయ్య గారు గుండెనొప్పితో ఆసుపత్రిలో చేరారు. వాకర్స్ అసోసియేషన్ ప్రెసిడెంటు రామకోటేశ్వరరావు గారు నేరం తీసుకెళ్ళి గుడ్లగూబ మీద పెట్టారు. ఆదివారం పొద్దున్నే తొర్ర ఉన్న కొమ్మ కొట్టించేస్తానన్నారు.

"పాలపిట్ట కనబడితే దండం పెడతారు, దీనికేమో రంపమా?" అన్నాను.

"అది కూస్తే మంచిది కాదండీ, ఫక్రున్నీసా గారూ. మీకు తెలీదు."

"ఇంకో వారం ఆగండి. పిల్లలు ఎగిరిపోతాయి."

"ఈలోగా ఇంకెవరికన్నా ఏమన్నా అయితే పూచీ మీదేనా?"

నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆదివారం అందరికన్నా ముందు వెళ్ళి, చెట్టు కింద రాలిన ఉండలు ఏరి రుమాల్లో కట్టుకున్నాను. గుడ్లగూబ మింగినదాంట్లో అరగని బొచ్చూ ఎముకలూ అలా ఉండకట్టి కక్కేస్తుంది. కొమ్మలు కొట్టే కృపానందం నిచ్చెన వెయ్యగానే అడ్డం నిలబడ్డాను. పిన్నీసు తీసి, ప్రెసిడెంటు గారి ముందే ఒక ఉండ విప్పాను. పచ్చటి పళ్ళతో చిన్న దవడ బయటపడింది.

పోయిన నెల పార్కులో ఎలుక బొరియలో కాలు పడి, మడమ బెణికి వారం రోజులు మంచం దిగని మనిషి ఆయన. దవడని అరచేతిలో పెట్టుకుని చూశారు.

"ఎలుకది. వరి పొట్టకొచ్చిందంటే వీటితో చచ్చేవాళ్ళం. మా నాన్న చేలో తాటిమట్టలు తలకిందులుగా పాతేవాడు."

"ఎందుకండీ?" అన్నాను. నిజంగానే నాకు తెలీదు.

"గుడ్లగూబలు వాలతాయని. వాలి ఎలుకల్ని..."

ఆగిపోయారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన్నే చూస్తున్నారు.

"చేలో కూసినప్పుడు మీ ఇంట్లో ఎవరికన్నా ఏమన్నా అయిందా?" అనడిగాను.

ఆయన దవడని జాగ్రత్తగా నా రుమాల్లో పెట్టేశారు. తర్వాత కృపానందం వైపు తిరిగి, "నిచ్చెన తీసెయ్యి," అన్నారు.

పిన్నీసు మూయబోయి వేలికి గుచ్చుకున్నాను. అంత భయపడ్డానని అప్పటిదాకా నాకే తెలీదు.

రెండు రోజుల తర్వాత వెళ్ళేసరికి, బూట్లనిండా మట్టితో పచ్చిక మధ్య తాటిమట్ట పాతుతున్నారాయన.

"నిటారుగా ఉందా, చూసి చెప్పండి."

"అంగుళం ఎడమకి ఒరిగింది."

సరిచేశారు.

పిల్లలు తొంగిచూసిన తొమ్మిదో రోజున పెద్ద పిల్ల ఎగిరొచ్చి ఆ మట్ట మీద వాలింది. నా లెక్క ఒక్క రోజు తప్పింది, ఒప్పుకుంటాను. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి పార్కుకొచ్చిన రత్తయ్య గారు దాన్ని చూసి అక్కడే ఆగిపోయారు. రామకోటేశ్వరరావు గారు ఆయన చెయ్యి పట్టుకుని ముందుకు నడిపించారు.

"రండి, పర్లేదు. మా చేలో ఉండేవాళ్ళే."