ఉదయశ్రీ అక్క చెప్పిన వీధి పేర్లు

మాజిదా హైదరాబాదు నుంచి సింగపూర్‌లోని టాంపినీస్ వచ్చి ఏడాది కావస్తోంది. భర్త బాసిత్‌కు చాంగీ బిజినెస్ పార్క్‌లో ఉద్యోగం. కూతురు అలీనా బడికి పోయాక ఆమెకు మాట్లాడే మనిషి కరువు. పక్క బ్లాకులో ఉండే ఉదయశ్రీ ఒకరోజు హాకర్ సెంటర్ తిండి అంగళ్ళ దగ్గర ఆమె తెలుగు విని పలకరించింది. ఉదయశ్రీది గుంటూరు. సింగపూర్‌లో స్థిరపడి చాలా ఏళ్ళయింది. ఆ రోజు నుంచి మాజిదాకు ఆమె అక్క.

ఒకసారి ఇద్దరూ సెంబవాంగ్ వైపు బస్సులో వెళ్తుంటే 'జలాన్ మాలు-మాలు' అన్న వీధి బోర్డు కనిపించింది.

"మాలు మాలా! గదేం పేరక్కా?" మాజిదాకు నవ్వాగలేదు.

"మాలంటే సరుకే. పూర్వం ఇక్కడ దొంగసరుకు దిగేదంట. పోలీసులొస్తే 'మాలు, మాలు' అని ఇంటింటికీ కేకేసేవాళ్ళంట" అంది ఉదయశ్రీ.

"నీకు మలయ్ వస్తదా?"

"ఇన్నేళ్ళున్నాక రాకుండా ఎట్టా పోద్ది?"

అప్పట్నుంచి అదే వాళ్ళ కాలక్షేపం. వింత పేరున్న వీధి ఒకటి చూసుకుని బస్సెక్కేవాళ్ళు. హాలండ్ విలేజ్ దగ్గర 'జలాన్ హితమ్ మానిస్' చూపించి, అందరి హితం కోరే తెలుగు వైద్యుడొకడు అక్కడ ఉండేవాడనీ, 'హితం మనిషి' అన్న మాటే అరిగి అరిగి ఆ పేరైందనీ ఉదయశ్రీ చెప్పింది. మాజిదా ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకుంది. అర్థాలు ఫోన్లో వెతుక్కోవచ్చు కదా అని బాసిత్ అంటే, "అక్క చెప్పినంక గూగుల్ ఎందుకు?" అంది.

సెరంగూన్‌లో 'లోరోంగ్ లూ లియన్' ఉంది. లూ అనే అమ్మాయి, లియన్ అనే అబ్బాయి, పెద్దలు ఒప్పుకోకపోతే ఆ సందులోంచే పారిపోయారట. అది వినేసరికి మాజిదా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బస్టాపులో కూర్చుని, ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. బాసిత్‌ను చేసుకుంటానన్నందుకు తండ్రి అబ్దుల్ ఖాదిర్ ఆమెను ఇంటి గడప తొక్కొద్దన్నాడు. మళ్ళీ మాట్లాడలేదు.

"ఈద్‌కు ఫోన్ చేస్తే అబ్బా ఎత్తడక్కా. అయినా రింగ్ ఆగిపోయేదాంక వింట. ఆ ఇంట్ల మోగుతుంది గదా అని."

ఉదయశ్రీ ఆమె భుజం నిమిరింది.

తర్వాత కొన్నాళ్ళకు ఉదయశ్రీ తన స్నేహితురాళ్ళను భోజనానికి పిలిచింది, మాజిదాను కూడా. లోపల అడుగుపెట్టగానే ఉమ అనే ఆవిడ చప్పట్లు కొట్టింది.

"నువ్వేనా లూ లియన్ మాజిదా! లూ లియన్ అంటే దురియన్ పండమ్మా తల్లీ. మాలు అంటే సిగ్గు. హితమ్ మానిస్ అంటే నలుపూ తీపీ. ఈ ఉదయ ఏం చెప్పినా నమ్మేస్తావంటగా!"

గది నిండా నవ్వులు. మాజిదా కూడా నవ్వబోయింది. వెర్రిదాన్నయ్యాను, పోనీలే అనుకుంది.

"నీ క్లిప్పుల కోసం మా గ్రూపంతా ఎదురుచూస్తాం తెలుసా?" అంటూ ఉమ ఫోన్ తీసి నొక్కింది.

"...ఎత్తడక్కా. అయినా రింగ్ ఆగిపోయేదాంక వింట..."

తన గొంతే. ఉమ గబుక్కున ఆపేసి, "ఇది కాదు, ఇంకోటి" అని గొణిగింది. నవ్వులు ఆగాయి. కానీ అక్కడున్న ఒక్కరి మొహంలోనూ కొత్తగా విన్నట్టు లేదు.

మాజిదా చెప్పులేసుకుని బయటికొచ్చింది. ఉదయశ్రీ లిఫ్టు దాకా వెంటపడింది.

"నాకు మలయ్ రాదు మాజిదా. నువ్వడిగితే రాదని చెప్పడానికి నామోషీ అయింది. నువ్వు అంత ముచ్చటపడి వింటుంటే ఇంకా చెప్పబుద్ధేసింది. సరదాకి రికార్డు చేశానంతే."

"వీధుల పేర్లు ఎట్ల చెప్పినా ఏం కాదక్కా. మా అబ్బా ముచ్చట గూడ సరదానేనా?"

లిఫ్టు వచ్చింది.

ఆ రాత్రి బాసిత్ ఏమైందని ఎన్నిసార్లు అడిగినా మాజిదా చెప్పలేదు. పరాయివాళ్ళు నవ్వుకున్నది తన ఒక్కదాని బతుకు కాదు, అతనిది కూడా. అతనికి ఎలా చెప్పడం? అతను నిద్రపోయాక ఫోన్లోంచి బోర్డుల దగ్గర దిగిన ఫొటోలు ఒక్కొక్కటే తీసేసింది.

మూడోనాడు ఉదయశ్రీ పులిహోర డబ్బాతో వచ్చింది. మాజిదా ఇనుప గేటు తీయలేదు. ఊచల వెనకే నిలబడింది.

"అందరి చేతా ఆ క్లిప్పు తీయించేశాను. ఒట్టు."

"విన్నోళ్ళ చెవులల్లకెల్లి ఎట్ల తీస్తవ్?"

ఉదయశ్రీ డబ్బాను చెప్పుల స్టాండు మీద పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం బాసిత్ దాన్ని చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు.

"ఇదెవరిది? మీ అక్కదేనా?"

"పక్క బ్లాకు ఆమెది," అంది మాజిదా. "రేపు పొయ్యేటప్పుడు వాపస్ ఇచ్చేయ్."