సారు గోలీ

జిన్నారం వైపు ఊళ్లలో డాక్టర్ రామలింగేశ్వరరావుకు గుడి ఒక్కటే కట్టలేదు. తక్కినవన్నీ చేశారు. పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు, ఆయన ఫొటో గోడకు తగిలించారు, ఆయన ఇచ్చిన మాత్రకు ‘సారు గోలీ’ అని పేరు పెట్టి దేవుని గూట్లో పసుపు కుంకుమల పక్కన దాచుకున్నారు. గుండె డాక్టరుగా రిటైరై బీరంగూడలో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆయన ఆదివారాలు ఈ ఊళ్లకు వచ్చి ఉచితంగా చూసేవాడు. ఎక్కడో కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చిన తనను ఇంతగా సొంతం చేసుకున్నారని ఆయనకు లోలోపల గర్వం. ఉండదా మరి!

క్యాంపు పెట్టినప్పుడల్లా ఆయన చెప్పింది రెండు మాటలు. ఛాతీలో నొప్పి వస్తే ఈ మాత్ర నాలుక కింద పెట్టుకోండి. పెట్టుకున్నాక, నొప్పి తగ్గినా సరే, దొరికిన బండెక్కి పెద్దాసుపత్రికి వెళ్లండి. ఊరు మొదటి మాటను కళ్లకద్దుకుంది. రెండో మాట వింటే డ్యూటీ పోతుంది, పొలం పని ఆగుతుంది. పైగా నొప్పే తగ్గాక ఆసుపత్రి దేనికి? అలా రెండో మాట ఎప్పుడో గాలికి పోయింది. పోయిందన్న సంగతి ఒక్క డాక్టరుకే తెలియదు.

చంద్రకాంత్ చనిపోయాడని తెలిసి ఆయన మూడో రోజు పొద్దున కారు తీసుకుని బయలుదేరాడు. చంద్రకాంత్ ఊరి పక్కనున్న మందుల కంపెనీలో పనిచేసేవాడు. ఇంకా నలభై నిండలేదు. అతని తండ్రి రాములుకు ఒకప్పుడు గుండెపోటు వస్తే బతికించింది ఈ డాక్టరే. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఆయన మాటంటే వేదం.

ఇంటి ముందు టెంటు కింద ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. చంద్రకాంత్ తల్లి మల్లమ్మ ఆయన్ని చూస్తూనే లేచి వచ్చి కాళ్ల మీద పడింది.

“మీ గోలీ వెట్టిన సార్. పొద్దుగాల డ్యూటికెల్లి రొమ్ము వట్టుకొని వచ్చిండు. వెట్టంగనే నొప్పి వోయింది, పండుకున్నడు. పగటిపూట మల్ల వచ్చింది, మల్ల వెట్టిన. మల్ల వోయింది. చాయ గూడ తాగిండు. మీ చెయ్యి సల్లటిది సార్, గందుకే నా కొడుకు మాపటిదాక ఉన్నడు. లేకుంటె పొద్దుగాల్నే వోతుండె.”

డాక్టరు లోలోపలే లెక్క వేసుకున్నాడు. పొద్దున నొప్పి, సాయంత్రం చావు. మధ్యలో పగలంతా ఇంట్లోనే ఉన్నాడు. మాత్ర నొప్పిని కప్పెట్టింది, అంతే. లోపల మూసుకుపోయిన రక్తనాళం మూసుకుపోయినట్టే ఉంది.

“ఆసుపత్రికి...” అని మొదలుపెట్టి ఆగాడు.

“నేను పోదామన్న సార్,” అంది చంద్రకాంత్ భార్య మహిత తల ఎత్తకుండానే. “సారు గోలీ ఉండంగ దవాఖాన ఎందుకన్నది అత్తమ్మ.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అత్త మాట విన్నాక ఆ పిల్లా అదే నమ్మింది. ఈ తల్లికి ఇప్పుడు అసలు సంగతి చెప్పి ఏం సాధించాలి? పోయినవాడు తిరిగొస్తాడా? ఉన్న మనిషిని చంపుకోవడం తప్ప! “మీ చేతిలో ఏముందమ్మా,” అన్నాడు. ఉద్యోగంలో ఎందరికో చెప్పిన మాటే. ఒకసారి రాములును పలకరించి వెళ్లిపోదామనుకున్నాడు.

రాములు ఇంటి వెనక పొలం గట్టు మీద ఉన్నాడు. ఆ రోజు పిట్టకు పెట్టే రోజు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూడాలి. ముడితేనే వాడి మనసు తీరినట్టు. కాకి రాలేదు. మల్లమ్మా వచ్చి చూసింది, చుట్టాలూ చూశారు. చుట్టూ పొగ గొట్టాలు, ముక్కులు మండే వాసన.

“కంపెనీలొచ్చినంక కాకులకు గూడ కరువొచ్చె సార్,” అన్నాడు రాములు. అంటూనే ఛాతీ మీద చెయ్యి వేసుకుని కూలబడ్డాడు. మొహమంతా చెమట.

మల్లమ్మ ఇంట్లోకి ఉరికి మాత్ర తెచ్చింది. మొగుడి నాలుక కింద పెట్టి, తల ఒళ్లోకి తీసుకుంది. కాసేపటికి అతని మొహం తేటపడింది. చుట్టూ ఉన్నవాళ్లు డాక్టరుకు దండాలు పెట్టారు. ఆ దండాలకు ఆయనకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

“రాములూ, కారెక్కు. ఇప్పుడే వెళ్లాలి.”

“నొప్పి వోయింది గద సార్. పిట్ట ముట్టకుండ నేనెట్లొస్త? నా కొడుకు ఆకలితోని ఉన్నడు.”

“నొప్పి పోయిందయ్యా, జబ్బు పోలేదు. నా మాట విను.”

“రేపొస్త సార్. మీ మీదొట్టు.”

చెయ్యి పట్టి లేపబోతే విదిలించుకున్నాడు. చుట్టాలు కూడా డాక్టరునే మెల్లగా పక్కకు జరిపారు. “జెర పండనియ్యుండ్రి సార్, మీ గోలీ వడ్డది గద,” అంది మల్లమ్మ ధీమాగా. ఇంకాస్త ఆలస్యమైతే ఈ మనిషి ఇక్కడే పోతాడని ఆయనకు తెలుసు. నిజం చెబితే మల్లమ్మ ఏమైపోతుందో కూడా తెలుసు.

“మీవాడు ఇలాగే పోయాడు రాములూ!” అని అరిచాడు. డాక్టరు అరవడం ఆ ఊరు ఎన్నడూ వినలేదు. “మాత్రతో నొప్పి తగ్గిందని ఇంట్లో పడుకోబెట్టారు. అందుకే పోయాడు. పొద్దున్నే తీసుకొచ్చి ఉంటే బతికేవాడు!”

రాములు భార్య వంక చూశాడు, తరవాత విస్తరి వంక చూశాడు. తనే చెయ్యి చాపాడు. మగవాళ్లు అతన్ని ఎత్తుకెళ్లి కారులో పడుకోబెట్టారు. మహిత వెనక కూర్చుంది.

మల్లమ్మ వచ్చి కారు తలుపు పట్టుకుంది. “అయితె నా కొడుకును నేనే సంపుకున్ననా సార్?”

జవాబు చెప్పే వ్యవధి లేదు. వ్యవధి లేనందుకు ఆయన ఆ క్షణంలో సంతోషించాడు కూడా. కారు పోనిచ్చాడు.

రాములు బతికాడు. ఆసుపత్రిలో ఆయన దగ్గర పని నేర్చుకున్న డాక్టరే ఉన్నాడు, వెంటనే నాళం తెరిచి స్టెంటు వేశాడు. “మీ చలవే సార్,” అన్నాడు. రామలింగేశ్వరరావు ఆ మాటకు తల తిప్పుకున్నాడు.

మహితను అక్కడే ఉంచి, పొద్దు వాలుతుండగా మళ్లీ ఊరికి వచ్చాడు. ఫోన్లో చెబితే సరిపోయేదే, కానీ మనసొప్పలేదు. టెంటు కింద ఆడవాళ్లు ఈసారి లేవలేదు. ఒకావిడ ఆయన్ని చూసి కొంగుముడి విప్పి, అందులోని మాత్రను మోరీ కాలవలో పడేసింది. అంటే ఇక మొదటి మాట కూడా పోతుందన్నమాట! ఆమెను ఆపి మాత్ర ఉండాలని చెప్పాలి. కానీ ఇంకో మాట చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

మల్లమ్మ గట్టు మీదే ఉంది. విస్తరి ఖాళీగా ఉంది. కాకే ముట్టిందో, కుక్కే తిన్నదో ఎవరూ చూడలేదు.

“రాములుకు గండం గడిచిందమ్మా. నాలుగైదు రోజుల్లో ఇంటికొస్తాడు.”

ఆమె తల ఊపింది. ఏడుపు లేదు, కోపమూ లేదు. కోపమైనా ఉంటే బాగుండుననిపించింది ఆయనకు.

“మా ఆయన్ని బతికిచ్చిండ్రు సార్, మీ కాల్మొక్త,” అంది. “మరి నేనెట్ల బతుకాలె? గది గూడ మీరే సెప్పుండ్రి. మీరు సెప్పింది నేను ఎన్నడన్న కాదన్ననా?”

డాక్టరు చెప్పులు విడిచి ఆమె పక్కన మట్టిలో కూర్చున్నాడు. ఆయన ఏదో ఒకటి చెబుతాడని మల్లమ్మ ఆయన మొహంలోకే చూస్తూ ఉంది.