రికార్డుకెక్కిన పోట్లాట

మా ఆయన డెల్మర్, ఆయన తమ్ముడు ఎస్టిల్ నాలుగేళ్లు మాట్లాడుకోలేదు. అయినా ప్రతి ఆదివారం చర్చిలో భుజం భుజం రాసుకుంటూ దేవుడి పాటలు పాడేవాళ్లు. ఆయనది బాంజో, ఎస్టిల్‌ది మాండొలిన్, నాది నాకన్నా పొడుగ్గా ఉండే బేస్ ఫిడేలు. పాటలో గొంతులు కలిపితే అది మాట కింద లెక్కకాదని ఇద్దరూ ఎవరికి వారే తీర్మానించుకున్నారు. మిగతా కబుర్లన్నీ నా ద్వారానే నడిచేవి.

తగువంతా వేటకుక్క గురించి. రక్కూన్లనే అడవి జంతువుల వేటకని ఎస్టిల్ మా కుక్క బెస్‌ను ఒకరోజు తీసుకెళ్లాడు. తిరిగొచ్చేసరికి దాని ఎడమ చెవి చిరిగి ఉంది. తీసుకెళ్లేటప్పుడే అలా ఉందన్నాడు ఎస్టిల్. మా ఆయన ఆ రోజు నుంచి నోరు కట్టేసుకున్నాడు.

పంతొమ్మిది వందల అరవై రెండు వసంతంలో ఒక చిన్న కంపెనీ మా పాటలు రికార్డు వేస్తామంది. క్లించ్ నది ఒడ్డున ఉన్న ఒక రేడియో స్టేషన్ వెనక గదిలో, ఒకే మైకు చుట్టూ ముగ్గురం నిలబడ్డాం. టేపు తిప్పేది ప్రూయిట్ అనే నిదానపు మనిషి. అంతకు వారం ముందే ఎస్టిల్ కట్టుడు పళ్లు పెట్టించుకున్నాడు. ‘స’ వచ్చిన ప్రతిచోటా సన్నగా ఈల వేసేవి. అయిదు పాటలు ఎలాగో లాగించాం. ఆరో పాట నిండా సిలువ, స్వర్గం, సువార్త.

ప్రూయిట్ అద్దం వెనక నుంచి తల బయటపెట్టాడు. “లోపలికి పిట్టేమైనా దూరిందా?”

మా ఆయన గోడకేసి చూస్తూ, “వెర్డీ, ఆ పళ్లు తీసి జేబులో పెట్టుకోమని చెప్పు,” అన్నాడు.

“వదినా, పళ్లు లేకపోతే నా మాట ఎవరికీ అర్థం కాదని చెప్పు.”

“ఉన్నప్పుడు మాత్రం నిజం ఎక్కడ చెప్పాడని అడుగు.”

నేను ఫిడేలు గోడకు ఆనించాను. “నాలుగేళ్లు మోశాను మీ ఉత్తరాలు. ఈ పూటతో నా ఉద్యోగం మానేశా. మీరే తేల్చుకోండి,” అని కుర్చీలో కూర్చున్నాను.

చివరికి మా ఆయనే తమ్ముడి వైపు తిరిగాడు. “ఏరా, కుక్క చెవి ఎలా చిరిగింది?”

ఎస్టిల్ కోపంగా పళ్లు ఊడబెరికి ఏదో గొణిగాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

“పెట్టుకుని ఏడువు, వినపడాలి కదా.”

పెట్టుకున్నాడు. “ముళ్లకంచె సందులో ఇరుక్కుంది. నేనే విసురుగా లాగాను. తప్పు నాదే, సరేనా.” ప్రతి ముక్కకీ ఈల.

“ఆ మాట ఆ రోజే చెప్పడానికేం?”

“భయమేసింది, అన్నయ్యా. నేను నిమోనియాతో మంచాన పడ్డప్పుడు ఒక్కసారి తొంగిచూసి పోయావు. బెస్ కాలికి ముల్లు గుచ్చుకుంటే రాత్రంతా పక్కన కూర్చున్నావు.”

మా ఆయన బాంజో కింద పెట్టాడు. “అది నోరులేని జీవం కదరా,” అన్నాడు. తర్వాత, “నీకు పెళ్లాం ఉంది కదా అనుకున్నా,” అన్నాడు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు, ఎస్టిల్ కూడా నవ్వాడు, ఈలలు వేస్తూనే. ఆరో పాట పళ్లు లేకుండానే పాడాడు. అంత మెత్తగా అతను ఎన్నడూ పాడలేదు.

ఆరు వారాల తర్వాత రికార్డులు వచ్చాయి. అందరం మా ముందుగదిలో కూర్చుని ఒకటి వేసి విన్నాం. రెండో వైపు, మొత్తం మీద అయిదో పాట అవగానే పిట్ట సంగతి, పళ్ల సంగతి, కుక్క సంగతి, నా ఉద్యోగం మానడం వరసగా వచ్చాయి. ప్రూయిట్ టేపు ఆపలేదు, కంపెనీకి పంపేముందు కత్తిరించనూ లేదు.

“ఒక్కటి కూడా గడప దాటకూడదు,” అన్నాడు మా ఆయన, ముఖం పాలిపోయి.

“ఒకటి మన పాస్టర్ హోబర్ట్‌కి నిన్ననే ఇచ్చేశా,” అన్నాడు ఎస్టిల్.

ఆ ఆదివారం పొద్దున పాస్టర్ గారి రేడియో కార్యక్రమంలో మా లోయలో జనమంతా ఆ రికార్డు విన్నారు. క్షమాపణ మీద తాను ఇరవయ్యేళ్లుగా ప్రసంగిస్తున్నాననీ, ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదనీ ఆయన అన్నాడు. మాకొచ్చిన రికార్డులన్నీ నెలలో అమ్ముడైపోయాయి. పాటలు కూడా బాగున్నాయని కొందరు మర్యాదకు అన్నారు.

కెంటకీ నుంచి ఆర్డిత్ అనే ఆమె ఉత్తరం రాసింది. పదకొండేళ్లుగా మాట్లాడని చెల్లెలికి ఫోన్ చేసి, రికార్డు వేసి, రిసీవరు దాని దగ్గర పెట్టిందట. అంతా విన్నాక చెల్లెలు, “ఎవరే ఆ ఈలల మనిషి?” అందట. అలా మొదలయ్యాయి మాటలు.

ఆగస్టులో ఆ అక్కచెల్లెళ్లిద్దరూ మా చర్చికి వచ్చి ముందు బెంచీలో కూర్చున్నారు. నాలుగు పాటలు ఓపిగ్గా విన్నారు. తర్వాత ఆర్డిత్ చెయ్యెత్తి, “పోట్లాట ఎప్పుడండీ?” అని అడిగింది.

“ఈరోజు లేదమ్మా,” అన్నాడు మా ఆయన.

వాళ్ల ముఖాలు చూసి ఎస్టిల్‌కు జాలేసింది. “అంత దూరం నుంచి వచ్చారు, భోజనానికైనా పిలుద్దాం అన్నయ్యా,” అన్నాడు. మా ఇంట్లో ఉడికించిన చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె పెట్టాను. పదకొండేళ్ల కిందట ముందు మాట మానేసింది ఎవరన్నదాని మీద ఆ అక్కచెల్లెళ్లు సాయంత్రం దాకా పోట్లాడుకున్నారు. ఈ అన్నదమ్ములిద్దరూ వాకిట్లో కూర్చుని, చప్పుడు చెయ్యకుండా, ఎంతో శ్రద్ధగా విన్నారు.