గూబలున్న గుట్ట

సామ్యేల్ పక్షులను చూడ్డానికి ఒక్కడే పోవడం అతని భార్య లిడియాకు మొదటినుంచీ ఇష్టం లేదు. అతను గని ఆఫీసులో గుమాస్తా, పైగా షుగరున్న మనిషి. డ్యూటీ దిగగానే మెడలో బైనాక్యులర్ వేసుకుని, ఎప్పుడో బొగ్గు కోసం తవ్విపోసిన మట్టిగుట్టల మీదికి ఎక్కిపోతాడు. పోయిన ఎండాకాలం అక్కడే కళ్లు తిరిగి పడిపోయాక ఆమె గట్టిగా చెప్పింది.

"తోడు దొరికితేనే పో. లేకుంటే ఇంట్ల కూసో."

ఆఫీసులో ఎవరినడిగినా నవ్వారు. చివరికి లిడియానే అతని ఫోన్లో ఒక యాప్ వేసిచ్చింది. ఆటలకూ సరదాలకూ సరిపోయే జోడీని ఏఐ వెతికి పెడుతుందట. అది తెలుగులోనే ప్రశ్నలడిగింది. మాట్లాడకుండా ఎంతసేపు కూర్చోగలరు? తెల్లవారుజాము ఇష్టమా, పొద్దుగూకే వేళా? ఒక్క పక్షి కోసం ఎంత దూరం నడుస్తారు? సామ్యేల్ పరీక్ష రాసినంత శ్రద్ధగా జవాబులు చెప్పాడు. మర్నాడే రామకృష్ణాపూర్ నుంచి వీరేందర్ అనే పేరు వచ్చింది. ఇంత బాగా కుదరడం అరుదు అని కింద రాసి ఉంది.

నిజంగానే కుదిరింది. వీరేందర్ ముప్పై దాటిన మనిషి. ఎండుటాకుల మీద నడిచినా చప్పుడయ్యేది కాదు. గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని మరీ కూర్చునేవాడు. నోటితో తీతువులా కూస్తే అవతలినుంచి తీతువు బదులిచ్చేది. ఇన్నేళ్లకు తనలాంటివాడు దొరికాడని సామ్యేల్ పొంగిపోయాడు. ఎవరికీ చూపించనిది అతనికి చూపించాడు. గుట్ట వెనక, వాన కోసేసిన గండిలో, పగలంతా రాతి మీద ముడుచుకుని కూర్చునే గూబల జంట. నెత్తిన కొమ్ముల్లా ఈకలు లేచిన పెద్ద గూబలు.

ఆనాటి నుంచి వీరేందర్ ఇంకో పిట్ట పేరెత్తలేదు.

"ఎటు దిక్కుకు లేస్తయన్నా? రోజూ గా రాయి మీదనే వాల్తయా?" ఒకరోజు ఇంకో మాటా అడిగాడు. "ఎంత బరువుంటదంటరు?"

ఆ మాట సామ్యేల్‌కు ముల్లులా గుచ్చుకుంది. చూసేవాడికి బరువుతో ఏం పని? వీరేందర్ ఏనాడూ బైనాక్యులర్ అడగలేదని, ఒక్క ఫోటో తియ్యలేదని ఇంటికి పోతుంటే తోచింది. దీపావళి ముందర గూబలను మంత్రాలకూ పూజలకూ పట్టి అమ్ముతారని ఎప్పుడో విన్నాడు. దీపావళి ఆ వారంలోనే ఉంది.

తర్వాతి రోజు వీరేందర్ నుంచి మెసేజ్ వచ్చింది. 'పని వడ్డది, ఇయ్యాల రానన్నా.' సామ్యేల్‌కు కాలు నిలవలేదు. లిడియాకు చెప్పకుండా, పొద్దు వాలుతుండగా గుట్ట ఎక్కాడు.

గండికి అడ్డంగా రెండు కర్రల మధ్య సన్నని వల కట్టి ఉంది. దాని ముందు కాలికి దారం కట్టిన పావురం రెక్కలు కొట్టుకుంటోంది. తుమ్మచెట్టు నీడలో వీరేందర్ కదలకుండా కూర్చుని ఉన్నాడు.

"నేను రానంటి గదా. మీరెందుకొచ్చిండ్రు?" అన్నాడు మెల్లగా.

"నువ్వు పిట్టలు పట్టేటోడివా?"

"చిన్నప్పటి సంది. మీరు చూస్తరు, నేను పట్టుకుంట. కూసునే తీరు మాత్రం ఇద్దరిదీ ఒక్కటే." అతని గొంతులో ఎగతాళి లేదు. "ఫోన్ల అడిగినదానికి నేను ఒక్క అబద్ధం గూడ చెప్పలే అన్నా."

"ఇడిసిపెట్టు తమ్మీ. నేనే చూపిస్తి నీకు."

"మీరు ఇంటికి పోండ్రి. మీరు నన్ను చూడలే, నేను మిమ్మల్ని చూడలే." చెబుతూ లేచి నిలబడ్డాడు. అతని నడుముకు కొడవలి వేలాడుతోంది.

సామ్యేల్ ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. దూరంగా రోడ్డు మీద టిప్పర్ల మోత తప్ప మనిషి అలికిడి లేదు. గండిలో ఒక గూబ పసుపు కళ్లు తెరిచి తల పావురం వైపు తిప్పింది. ఇంకో క్షణం ఆగితే అది లేస్తుంది.

ఆ గుట్ట మీద దగ్గు వచ్చినా మింగేసే మనిషి గొంతు చించుకుని అరిచాడు. రాయి తీసి గండి గోడకేసి కొట్టాడు. ఇంకో రాయి, ఇంకోటి. గూబలు రెండూ చప్పున లేచాయి. ఒకదాని రెక్క వల పైతాడుకు రాసుకుంది. అది తూలి, సర్దుకుని, గుట్ట దాటి వెళ్లిపోయింది.

వీరేందర్ ఒక్క అంగలో వచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు. మొహంలో మొహం పెట్టాడు. సామ్యేల్ కళ్లు మూసుకున్నాడు, మనసులో ప్రార్థన మాటలు తడబడ్డాయి. చాలాసేపటికి పట్టు సడలింది.

"గింత బెదిరినంక గవి ఇగ ఈడికి రావు. ఎరుకేనా మీకు?"

"ఎరుకే," అన్నాడు సామ్యేల్.

వీరేందర్ వల చుట్టుకుని, పావురాన్ని సంచిలో వేసుకుని దిగిపోయాడు.

మర్నాడు సామ్యేల్ అటవీ శాఖ ఆఫీసుకు పోయి వీరేందర్ పేరూ నంబరూ ఇచ్చాడు. వాళ్లు రామకృష్ణాపూర్ చేరేసరికి ఇంట్లో ఖాళీ పంజరాలు దొరికాయి, మనిషి దొరకలేదు. చాలా రోజులు వాకిట్లో బండి ఆగితే వీరేందరేమోనని సామ్యేల్ కిటికీలోంచి తొంగిచూసేవాడు. గండి ఖాళీగానే ఉండిపోయింది.

ఇప్పుడు లిడియానే తోడొస్తుంది. గుట్ట కింద స్కూటీ ఆపుకుని, అతను దిగివచ్చేదాకా అక్కడే ఉంటుంది. ఒక సాయంత్రం ఇంకో గుట్ట మీది నుంచి బరువైన గూబ కూత ఒకటి వినిపించింది. దానికి జవాబుగా రెండోది. ఆ చోటు ఇంకెవరికీ తెలియకూడదని సామ్యేల్ బైనాక్యులర్ ఎత్తలేదు, అటు నడవనూ లేదు.

"ఏమన్న కనవడ్డదా, ఇనవడ్డదా?" అడిగింది లిడియా, అతను కిందికి రాగానే.

"ఏం లే," అని వెనక సీటెక్కాడు.

ఆమెతో అబద్ధమాడడం అతనికి అదే మొదలు.