ఈ నిశ్శబ్దం పావురాలది

మా ఊరి మొదట్లో బీట్‌దుంప చేను గట్టున ప్రభుత్వం వాళ్ళు ఒక బోర్డు పాతారు, ఇది నిశ్శబ్ద ప్రాంతం అని. ఆ బోర్డు లేచినప్పటి నుంచీ నాకు ప్రశాంతత కరువైంది.

అంతకుముందు ఫ్లాండర్స్‌లో హాజెల్‌హూక్ అనే ఊరొకటి ఉందని పక్క ఊరివాళ్ళకే సరిగా తెలియదు. ఇప్పుడు వేసవి ఆదివారం వస్తే చాలు, వీపున సంచులు తగిలించుకుని ఎక్కడెక్కడి జనమో దిగుతారు. వీధి మధ్యన నిలబడి, కళ్ళు మూసుకుని గుండెల నిండా గాలి పీలుస్తారు. "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!" అని ఊరంతా వినపడేలా అరుస్తారు. పీల్చేది పందుల దొడ్డి గాలి అని నేను చెప్పను. పీల్చనీ, నాకేం పోయింది.

మా నిశ్శబ్దం వాళ్ళ కోసం కాదు. ఫ్రాన్స్‌లో వదిలిన పందెం పావురాలు ఇళ్ళకు చేరే వేళకు ఊరు ఊరంతా నోరు మూసుకుంటుంది. కుక్కల్ని లోపల కట్టేస్తారు. ఆరేసిన బట్టలు తీసేస్తారు. పెరట్లో ఎవరూ దగ్గను కూడా దగ్గరు. పావురం ఇంటి మీదికి వచ్చినంత మాత్రాన గెలిచినట్టు కాదు. గూటి గుమ్మంలో ఉన్న పలక మీద అది కాలు పెట్టాలి, అప్పుడే గడియారం దాని కాలి ఉంగరాన్ని గుర్తుపట్టి వచ్చిన వేళ రాసుకుంటుంది. ఏదైనా చూసి బెదిరి కప్పు మీదే కూర్చుందంటే, అంత దూరం ఎగిరొచ్చిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఆ ఆదివారం మా అన్న ఓమెర్ పెరట్లో నీళ్ళ పీపా వెనక నక్కి కూర్చున్నాడు, చేతిలో గింజల డబ్బాతో. పోయినేడు పశువుల డాక్టరు వచ్చి మా పావురాల నీళ్ళగిన్నెలో వేగం పెంచే మందు కలిసిందని తేల్చాడు. పందెం సంఘం అన్నయ్యను ఏడాది పాటు వెలేసింది. గిన్నె పరీక్ష చేయించమని పట్టుబట్టింది మా సందు చివరింటి గాస్టన్. ఆ మందు సంగతి తనకు తెలియదని అన్నయ్య ఒక్కసారే చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. ముందు వైపు గదిలో నేను నడిపే బీరు దుకాణానికి ఆయన అప్పటి నుంచీ రావడమే మానేశాడు. తలెత్తుకుని తిరిగిన మనిషి చర్చికి కూడా పెరటి సందు గుండా వెళ్ళేవాడు. వెలి తీరాక ఇదే మొదటి పందెం. మందూ మాకూ లేకుండా తన నీలం పెట్ట గెలిస్తే ఆ నోళ్ళన్నీ మూతపడతాయని ఆయన ఆశ. నా ఆశ కూడా అదే.

నేను వంటింటి కిటికీ తెర వెనక నిలబడి ఆకాశం చూస్తున్నాను. పొయ్యి మీద కుందేలు మాంసం ఉడుకుతోంది. చూపు దించేసరికి పెరటి గోడ అవతల, సందులో ఉన్న బెంచీ మీద నారింజ రంగు కోటు కనపడింది. మామూలు నారింజ కాదు, కళ్ళు పొడిచే నారింజ. లోపల ఒక ఆడమనిషి. ఒళ్ళో రొట్టెల డబ్బా.

పొద్దున్న నా దుకాణానికొచ్చిన హాలండ్ మనిషే. "కుళాయి నీళ్ళు చాలండీ" అని ఒక గ్లాసు తాగి, బీరు గానీ కాఫీ గానీ అడక్కుండా లేచి పోయింది. మాట్లాడేది మా భాషే, కానీ గొంతులో కంకర పోసుకున్నట్టు మాట్లాడుతుంది.

సరిగ్గా అప్పుడే నీలం పెట్ట వచ్చింది.

ఊళ్ళోకెల్లా మొదట మాదే. చర్చి గోపురం పక్క నుంచి రెక్కలు ముడిచి రాయిలా దిగింది. అన్నయ్య వేళ్ళు డబ్బా మీద బిగుసుకోవడం నాకు కిటికీలోంచి కనపడింది. పెట్ట గూటి గుమ్మం దాకా వచ్చి, సందులో ఆ నారింజ మంటను చూసి, గిర్రున తిరిగి ఇంటి చూరు చివర వాలిపోయింది. మెడ చాచి ఆ కోటునే చూస్తూ కూర్చుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అరవడానికి లేదు, పరుగెత్తడానికి లేదు. చుట్టుపక్కల ప్రతి కిటికీ తెర వెనకా ఒక చెయ్యి ఊగుతోంది, పో, పొమ్మని. ఆ మహాతల్లి అందరికీ నవ్వుతూ చెయ్యి ఊపింది!

చెప్పులు విడిచి, గోడవారగా పిల్లిలా సందులోకి వెళ్ళాను.

"లేవండి," అన్నాను గుసగుసగా.

"ఏంటీ?" అంది గట్టిగా. చూరు మీద పెట్ట ఎగిరి మళ్ళీ వాలింది.

"నోరు! మెల్లగా! లేచి వెళ్ళండి ఇక్కణ్ణుంచి."

ఆమె కూడా గుసగుసలోకి దిగింది. "ఎందుకు వెళ్ళాలి? ఇది అందరి బెంచీ. నేనేమైనా గోల చేశానా? నిశ్శబ్దం కోసమేగా ఇంత దూరం వచ్చాను."

"మీ నిశ్శబ్దం పాడుగాను. పావురం దిగట్లేదు. కనీసం ఆ కోటు విప్పండి."

"చలిగాలి కొడుతోంది. విప్పను. పొద్దున కూడా చూశాను మిమ్మల్ని, నీళ్ళ గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టారు. అతిథి అంటే మీకింత మంటేమిటి?"

"ఎవరమ్మా అతిథి? పిలిచామా? చీటీ పంపామా?"

"ఎందుకు పిలవలేదు! పిలిచి కూర్చోబెట్టారు ఇక్కడ!" అంది. "ఆ మూల ఇంటాయన ఎంత మర్యాదస్తుడు! ఎక్కడ కూర్చుంటే బావుంటుందని అడిగితే స్వయంగా తీసుకొచ్చి చూపించాడు. మధ్యాహ్నం దాటేదాకా కదలొద్దు, ఎండ ఇక్కడికే వస్తుందన్నాడు. బెంచీ గట్టిగా ఉంటుందని దిండు కూడా ఇచ్చాడు."

దిండు వంక చూశాను. ఎర్రకోడి బొమ్మ అల్లిన దిండు. మూల ఇల్లు గాస్టన్‌ది. ఆ కోడిని అల్లింది అతని పెళ్ళాం ఇర్మా. పోయిన శీతాకాలం నా దుకాణంలో పొయ్యి పక్కన కూర్చుని, కోడి తోకకు పచ్చదారం బావుంటుందా నీలమా అని నన్నే అడిగింది. నీలమన్నాను. నీలమే వేసింది.

మూల ఇంటి వైపు ఒకసారి చూశాను.

"ఆయన కూడా పావురాల మనిషేనమ్మా," అన్నాను. "మా అన్నకు పోటీ. మీ కోటు రంగు చూసే మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టాడు. మా పెట్ట దిగకుండా."

ఆమె మొహం చూడాలి మీరు. ముందు తెల్లబోయింది, తర్వాత కోటు రంగుకే తిరిగింది.

"అంటే నన్ను దిష్టిబొమ్మను చేశాడా?"

"చేశాడు."

లేచింది. దిండు చంకలో పెట్టుకుంది, రొట్టెల డబ్బా మూసింది, దులపరించుకుంటూ సందు చివరికి నడిచింది. నేను వెళ్ళమనలేదు, ఆపనూ లేదు. గాస్టన్ పెరటి ముందు ఆగి, కోటు విప్పి, అతని కంచె మీద దుప్పటిలా పరిచింది. పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. చలి ఏమైపోయిందో మరి.

అప్పుడే గాస్టన్ గండు పావురం వచ్చింది.

అతని కిటికీ తెర చీలికలోంచి గాస్టన్ కనపడ్డాడు, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని. నోరు తెరిచాడు. అరిస్తే వాడి పక్షే పోతుంది, మూశాడు. మళ్ళీ తెరిచాడు. నా జన్మలో అంత హాయిగా ఎప్పుడూ నవ్వలేదు, అదీ చప్పుడు లేకుండా. ఇటు మా పెట్ట చూరు మీద నుంచి ఒక్కో అడుగూ గూటి వైపు వేస్తోంది. ఇంకాసేపు, అంతే. అన్నయ్య డబ్బా మెల్లగా కదిపాడు. గింజలు గలగలలాడాయి.

గండు మాత్రం వాలడం లేదు. గాస్టన్ ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉంది, ప్రతిసారీ ఇంకాస్త కిందుగా. ఒక రెక్క సరిగా లేవడం లేదు. దారిలో డేగ తన్నినట్టుంది, పొట్ట మీద ఎర్రగా చార. ఆ సంగతి నేను చూశాను. అన్నయ్యా చూశాడు.

ఆయన డబ్బా కింద పెట్టాడు.

"వద్దు," అన్నాను గోడ ఇవతల నుంచి. "అన్నయ్యా, వద్దు. కదిలావంటే ఊరుకోను."

ఆయన పీపా వెనక నుంచి లేచాడు. ఆ కదలికకు మా పెట్ట బెదిరి గోపురం మీదికి పోయింది. ఆయన దాని వైపు చూడను కూడా లేదు. చెక్కబూట్లు చేత్తో పట్టుకుని, మేజోళ్ళతోనే సందు చివరికి నడిచాడు. కంచె మీద కోటు తీసి, లోపలి వైపు పైకి వచ్చేలా మడిచి, ఆమె చేతికిచ్చాడు.

"మా కొట్లాట మేం చూసుకుంటాం తల్లీ," అన్నాడు. "ఆ పక్షికి ఇల్లు చేరాలని తప్ప ఇంకేం తెలుసు? రండి, కుందేలు కూర ఉంది."

వాళ్ళిద్దరూ మా వాకిట్లోకి వచ్చేలోపే గండు గాస్టన్ గూట్లోకి దూరింది. మా పెట్ట ఆ తర్వాత తీరిగ్గా దిగింది, రెండోదిగా.

కూర గిన్నె బల్ల మీద ఎత్తి పడేశాను. ఏడాది పాటు ఊరి ముందు తల దించుకున్నవాడు, నోటి దగ్గరకొచ్చిన పరువును తీసుకెళ్ళి శత్రువు చేతిలో పెట్టొచ్చాడు. ఆయన మంచితనం తగలెయ్య. ఆ హాలండ్ మనిషి మాత్రం రెండుసార్లు వడ్డించుకుని తింది.

సాయంత్రం సంఘం వాళ్ళంతా లెక్కలు తేల్చుకోవడానికి నా దుకాణానికి వచ్చారు. గెలిచినవాడు అందరికీ బీరు పోయించడం ఆనవాయితీ. గాస్టన్ జేబులో చెయ్యి పెట్టుకుని బల్ల దగ్గర నిలబడ్డాడు, పక్కన ఇర్మా.

"బీరు పొయ్యి జుల్మా, అందరికీ! ఓమెర్‌కి కూడా. పాపం, రెండో స్థానం. మందు లేకపోయినా బాగానే ఎగిరింది సుమీ!" అన్నాడు నాతో.

కొందరు నవ్వారు. బస్సు కోసం మూల బల్ల దగ్గర కూర్చున్న అన్నయ్య గ్లాసులోకి చూస్తున్నాడు. బస్సు ఆయనకు కాదు, ఆ మనిషికి. ఏడాదిగా ఆ గదిలో అడుగు పెట్టనివాడు, ఆమెకు తోడుగా వంటింటి వైపు నుంచి వచ్చి కూర్చున్నాడు.

మా ఊళ్ళో ఒక రోగం ఉంది. అందరికీ అన్నీ తెలుస్తాయి, ఎవరూ ఏదీ పైకి అనరు. ఆ మధ్యాహ్నం తెరల వెనక నుంచి ఎంతమంది చూశారో నాకు తెలుసు. ఒక్కడి పెదవి కదల్లేదు. నా పెదవీ కదల్లేదు, సిగ్గులేకుండా గ్లాసుల్లో బీరు నింపుతూనే ఉన్నాను.

హాలండ్ మనిషికి ఆ రోగం లేదు. లేచి వచ్చి, ఎర్రకోడి దిండు తెచ్చి బల్ల మీద గాస్టన్ ముందు పెట్టింది.

"మీ దిండండీ," అంది కంకర గొంతుతో, వీధి చివరికి వినపడేలా. "పొద్దున నన్ను వీళ్ళ పావురాల గూటికి ఎదురుగా కూర్చోబెట్టి, కదలొద్దని ఇచ్చారు కదా. తీసుకోండి."

సంఘం అధ్యక్షుడు గ్లాసు దించాడు. "నీదేనా గాస్టన్?"

"నాది కాదు," అన్నాడు గాస్టన్. "ఈవిడెవరో నాకు తెలియనే తెలియదు. దారిన పోయేవాళ్ళ మాట పట్టుకుంటారా ఇప్పుడు?"

ఇర్మా దిండు వైపు చూసింది. నీలం తోక మీద ఎవరిదో రొట్టె పొడి ఉంటే వేళ్ళతో దులిపింది.

"నేను రాత్రుళ్ళు కూర్చుని అల్లింది," అంది. "అందరి ముందూ మనది కాదంటావా?"

"ఇర్మా, ఇంటికి పద."

"దిండు సంగతి ఒప్పుకో. లేదంటే పోయినేడు ఓమెర్ నీళ్ళగిన్నెలో నువ్వు కలిపిన పొడి సంగతి కూడా చెప్తాను. ఆ పొట్లం నా వంటింటి అలమరలోనే ఉంది."

చెప్పేసిందని ఆమెకు ఆ తర్వాత గానీ అర్థం కాలేదు. చేత్తో నోరు మూసుకుంది. అధ్యక్షుడు తన ముందున్న గ్లాసును, గాస్టన్ పోయించిన గ్లాసును, మెల్లగా నా వైపు తోశాడు. పక్కవాడూ తోశాడు. ఒక్కొక్కరూ తోస్తుంటే చెక్క మీద గాజు రాపిడి తప్ప ఇంకో చప్పుడు లేదు. ఇర్మా దిండు చంకన పెట్టుకుని బయటికి నడిచింది. ఇంటి వైపు కాదు, చెల్లెలు ఉండే వీధి వైపు.

అన్నయ్య లేచాడు. అందరూ ఆయన ఏదో అంటాడని చూశారు.

"ఆ గండు రెక్కకు కట్టు కట్టావా?" అని అడిగాడు గాస్టన్‌ను.

గాస్టన్ తల అడ్డంగా ఊపాడు.

"ముందు అది చూడు, పో," అన్నాడు. ఏడాది తర్వాత మొదటిసారి వీధి తలుపు తీసుకుని, నెత్తి మీద టోపీతో, ఊరి మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళాడు. నేను గ్లాసులు కడిగే నీళ్ళలో తల వంచుకుని ఏడ్చాను. ఎవరికీ కనపడనివ్వలేదు.

బస్సు వచ్చింది. ఆ మనిషి సంచి తగిలించుకుని బల్ల దగ్గర ఆగింది.

"వచ్చే వేసవికి మళ్ళీ రావచ్చా?" అంది, ఈసారి మెల్లగా.

"బోర్డు పెట్టింది ప్రభుత్వం, నన్నడుగుతారేం?" అన్నాను. "ఆ కోటు మాత్రం తగలెట్టి రండి."